మహారాజశ్రీ మారిషస్ చెరకు గారికి

మహారాజశ్రీ మారిషస్ చెరకు గారి దివ్యసముఖానికి ఒక తెలుగువాడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం, మిగతావాళ్ళ సంగతి కింద రాస్తున్నాను.

చరిత్ర పుస్తకాల్లో మారిషస్‌ని మొదట డచ్చివాళ్ళు, తర్వాత ఫ్రెంచివాళ్ళు, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఏలారని వరసగా రాస్తారు. ఎంత చదివినా నాకు మాత్రం ఏలింది తమరేనని, వాళ్ళంతా తమరి దగ్గర జీతానికి కుదిరిన మేనేజర్లని అనిపిస్తుంది. మేనేజర్లు మారతారు కదా, మారారు.

1598లో డచ్చి ఓడలు వచ్చి, మనిషన్నవాడు కాపురం లేని ఆ దీవికి తమ దొర మారిస్ పేరు పెట్టుకున్నాయి. 1638లో వలస పెట్టి, మరుసటేడు జావాలోని బటావియా రేవు నుంచి తమర్ని దించారు. అంటే తమరూ వలసవచ్చిన వారే, ఆ మాట కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది. డచ్చివాళ్ళు తమర్ని పిండి సారా కాచుకుని, ఎబొనీ చెట్లు నరుక్కుని, డోడో పక్షి అంతరించిపోతుంటే చూస్తూ కూర్చుని, ఇక మావల్ల కాదని 1710లో మూటాముల్లె సర్దుకున్నారు. తమరికేం తొందర? అయిదేళ్ళకే ఫ్రెంచివాళ్ళు దిగారు. 1735లో గవర్నరుగా వచ్చిన లాబూర్దొనే పోర్ట్ లూయీ రేవు కట్టించి, తమరి కోసం మిల్లు కూడా పెట్టించాడు. మిల్లు తిరగాలంటే చేతులు కావాలి కాబట్టి మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి బానిసల్ని ఓడల్లో తెచ్చారు. వాళ్ళ కోసం 1723లోనే ఒక చట్టం కూడా చేసి పెట్టారు లెండి, అన్నీ పద్ధతి ప్రకారమే. అందులో మనిషి కుర్చీ బల్లల్లాగే చరాస్తి. నెల రోజులు పారిపోయి దొరికితే చెవులు కోసి భుజం మీద ముద్ర వేయాలి.

1810లో ఇంగ్లీషువాళ్ళు దీవిని గెలిచి, మీ చట్టాలు, మీ భాష, మీ ఆస్తులు మీవేనని ఫ్రెంచి తోటల వాళ్ళకి మాట ఇచ్చారు. ఆస్తుల్లో మనుషులూ ఉన్నారని వేరే చెప్పాలా? 1825లో వెస్టిండీస్ చక్కెరకీ తమరి చక్కెరకీ లండన్‌లో ఒకే సుంకం అన్నారు, ఇక తమర్ని పట్టేవాడు లేడు. తీరా 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయితే నష్టపరిహారం కింద 20 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చారు, యజమానులకి. 60 వేలకు పైగా ఉన్న బానిసలకి దక్కింది ఇంకో నాలుగేళ్ళ "అప్రెంటిస్" చాకిరీ.

వాళ్ళకి విడుదల దొరక్కముందే తమరి మనుషులు మా వైపు చూశారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగారు. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది. తొలినాళ్ళలో మా గోదావరి మొగలోని కోరంగి రేవు నుంచీ ఓడలెక్కారు. 1839 తుపానుకి ఆ రేవే తుడిచిపెట్టుకుపోయింది, కానీ మారిషస్‌లో మాత్రం తెలుగువాళ్ళకి కోరంగివాళ్ళనే పేరు నిలిచిపోయింది. అక్కడ రాళ్ళు తిరగేస్తే కింద బంగారం ఉంటుందని చెప్పి ఎక్కించారట. తిరగేశారు, పాపం. పొలంలోంచి ఒక్కొక్క నల్లరాయీ ఏరి, మోసి, తమరి వేళ్ళకి అడ్డం లేకుండా గుట్టలు పోశారు. ఆ గుట్టలు ఇప్పటికీ తోటల మధ్య ఇళ్ళంత ఎత్తున ఉన్నాయి. బంగారం ఎవరికి దొరికిందో తమరికి తెలుసు.

జీతం నెలకి అయిదు రూపాయలు, కొంత బియ్యం, అయిదేళ్ళ ఒప్పందం. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. జ్వరమొచ్చి పది రోజులు పడుకున్నవాడు, లేచేసరికి తమరికే ఇరవై రోజులు బాకీ పడేవాడు! ఒప్పందం తీరినా జేబులో ఫోటో అంటించిన టికెట్ ఉండాల్సిందే, లేకపోతే దిమ్మరి కింద లెక్కగట్టి పట్టుకుపోయేవారు. మళ్ళీ అడుగుతున్నాను, తమరూ వలసవచ్చిన వారే కదా, తమరి టికెట్ ఎవరైనా ఎప్పుడైనా చూపించమన్నారా? 1871లో ప్లెవిట్జ్ అనే దొర ఒకాయన తొమ్మిది వేల మందికి పైగా కూలీల చేత అర్జీ పెట్టిస్తే తోటల వాళ్ళు ఆయన మీద పడ్డారు. రాణిగారి కమిషన్ వచ్చి చూసి, అర్జీలో ఉన్నది చాలావరకు నిజమేనని తేల్చింది.

చెరకు తీపి కదా అని వేళ్ళతో సహా నమలకూడదని మా పెద్దలంటారు. ఈ మాట మిల్లుల వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. 1937లో ఊబా రకం చెరకుకి 15 శాతం తక్కువ ఇస్తామన్నారు. ఊబా వేసేది ఎక్కువగా చిన్నరైతులు, అంటే పాత కూలీల మనవలు. ఆగస్టులో వాళ్ళు ఊరేగింపుగా వెళ్తే యూనియన్ ఫ్లాక్ తోట దగ్గర తుపాకులు పేల్చి నలుగుర్ని చంపారు. ఆ తోట యజమాని భారత సంతతివాడే సుమండీ, తమరి తీపి ముందు కులమా గోత్రమా! 1943 సెప్టెంబరులో బెల్ వ్యూ హారెల్ తోటలో సమ్మె కూలీల మీద పోలీసులు కాల్చినప్పుడు చనిపోయిన నలుగురిలో అంజలై కూపెన్ అనే ఆమె గర్భిణి.

ఇక్కడ తమరు ఒక్క పొరపాటు చేశారు, చదువుని లెక్కలోకి తీసుకోలేదు. కొత్త రాజ్యాంగం ప్రకారం 1948 ఎన్నికల్లో ఏదో ఒక భాషలో కాస్త చదవడం రాయడం వచ్చినవాళ్ళకి ఓటిచ్చారు. భారత సంతతి సంఘసేవకులైన బిసున్‌దయాళ్ సోదరుల మనుషులు ఊరూరా తిరిగి పొలం పని చేసి వచ్చినవాళ్ళ చేత అక్షరాలు దిద్దించారు. కత్తి పట్టి కాయలు కాసిన వేళ్ళతో బలపం పట్టడం అంత తేలిక కాదు. అయినా 12 వేలున్న ఓటర్లు 70 వేలు దాటారు.

తమరు మాత్రం తక్కువ తిన్నారా? 1967 ఎన్నికల్లో 44 శాతం ఓట్లు స్వాతంత్ర్యం వద్దన్న వైపు పడ్డాయి. దేశం ఎగుమతుల్లో 90 శాతానికి పైగా తమరే మరి, ఇంగ్లండు వదిలేస్తే ఈ చక్కెర ఎవరు కొంటారన్న టెన్షన్ కొందరిది, మెజారిటీ అయిన హిందువులు మనల్ని బతకనివ్వరన్న భయం ఇంకొందరిది. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో అల్లర్లు. చివరికి మార్చి 12న గుర్రప్పందేల మైదానంలో జెండా ఎగిరింది, రామ్‌గులాం ప్రధాని అయ్యారు. ఆ తేదీ ఎందుకంటే దండియాత్ర మొదలైన రోజని. మూడొందల ఏళ్ళు చక్కెర ఏలిన దేశం ఉప్పు పేరున స్వతంత్రమైంది, తమరు ఏమీ అనుకోకండి.

ఇక సెలవు.

తా.క.: చాగోస్ దీవుల సంగతి రాయడం మరిచాను. అక్కడ తమరు లేరు, కొబ్బరితోటలే. అందుకేనేమో, స్వాతంత్ర్యానికి మూడేళ్ళ ముందు ఇంగ్లండు వాటిని మారిషస్ నుంచి విడదీసి 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టింది. తర్వాత అమెరికా సైనిక స్థావరం కోసం అక్కడి జనాన్ని ఓడలెక్కించి పోర్ట్ లూయీలో దింపింది. ఈసారి నేరం తమరిది కాదు, కానీ మనుషుల్ని ఓడల్లో దించే అలవాటు ఆ రేవుకి చేసింది ఎవరో కాస్త ఆలోచించి జవాబు రాయగలరు.