నూరువరహాలు మన నేలకి పడవట!

ఆమధ్య పక్కింటి వదిన నిక్షేపంలాంటి నూరువరహాల మొక్కని పీకి గోడవతల పారేసింది. అదేంటంటే "మన నేలకి పడట్లేదు వదినా, ఎన్నిసార్లు యూరియా వేసినా ఆకులు పాలిపోతున్నాయి" అంది. అప్పటినుంచి నాకు కడుపు మండుతూనే ఉంది, అందుకే ఈ పోస్టు.

మన నేలకి పడదా? అంబాజీపేట దగ్గర మా అమ్మమ్మగారింట్లో నూతి పక్కన నిలువెత్తు దాటిన నూరువరహాల చెట్టు ఉండేది. దానికి ఎరువేసిన పాపాన ఎవరూ పోలేదు. నూతి దగ్గర ఒలికిన నీళ్లు, కుళ్లిన కొబ్బరి చెత్త, అంతే. పొద్దున్నే ఒక పువ్వు తుంచి, మధ్యలో ఉన్న సన్నటి ఈనెని మెల్లిగా లాగితే దాని కొసన ఆవగింజంత తేనె చుక్క వచ్చేది. నాలుక మీద పెట్టుకునేలోపే అయిపోయేది. ఒక పువ్వు కాడలోకి ఇంకో పువ్వు కాడ గుచ్చుకుంటూ పోతే దారం లేకుండానే దండ. మా తమ్ముడు వినాయకుడికని కోసి సగం తేనె తాగేసేవాడు, ఆ ఎంగిలి పూలే పూజకి వెళ్లేవి, అమ్మమ్మకి తెలిసినా ఏమీ అనేది కాదు.

ఇప్పుడు జరుగుతున్నదేంటంటే, గేటు నుంచి పెరటి దాకా సిమెంటు చేసేసి, గోడ వారన జానెడు కన్నం వదిలి, ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు పెళ్లలు, సున్నం అందులోనే పూడ్చి, దాని మీద కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్క పెడుతున్నాం. ఈ మొక్కకి కాస్త పులుపు గుణం ఉన్న నేల కావాలి. కేరళ ఎర్రనేలల్లో బ్రహ్మాండంగా పెరుగుతుంది (అక్కడ చెత్తి అంటారు). నమ్మండి నమ్మకపోండి, ఇది కాఫీ కుటుంబం మొక్క. సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. పైగా వేసవిలో కాలవలు కట్టేశాక బోరు నీళ్లు పోస్తాం. ఆ నీళ్లు ఆరితే బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుందే, ఆ సున్నం సరుకే మొక్క మొదట్లోనూ చేరుతుంది.

ఆకు చూస్తే తెలిసిపోతుంది. కింది ముదురాకులు పసుపెక్కితే నత్రజని తక్కువైందనుకోవచ్చు. చిగుళ్లు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, దానికి యూరియా ఎంత పోసినా దండగే. మన రైతులకి తెలిసిన మందే: లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), సాయంత్రం పూట ఆకుల మీద కొట్టాలి, వారం పది రోజులకోసారి రెండు మూడు సార్లు. కానీ ఆ పెళ్లలు తవ్వి తీసి మట్టి మార్చకపోతే మళ్లీ మొదటికొస్తుంది. మొక్క మొదట్లో నీళ్లు నిలవకూడదు, పూట ఎండైనా తగలాలి.

ఇంకో గొడవ, కత్తిరింపు. పువ్వు వచ్చేది కొమ్మ చివరే కదా! వారం వారం కత్తెర పట్టుకుని డబ్బాలా చెక్కేస్తే మొగ్గలన్నీ చెత్తబుట్టలోకే. తర్వాత "మినీ ఇక్సోరా పూయట్లేదండీ" అని ఏడుపు. నూరువరహాలకే ఇంకో పేరు ఇక్సోరా, అదేదో ఫారిన్ మొక్క అనుకుంటున్నారు చాలామంది. మన ఈశ్వరుడి పేరే పోర్చుగీసు వాళ్ల నోట్లో పడి అలా అయ్యింది, మొక్క పుట్టిల్లు మన దక్షిణాదీ, శ్రీలంకా.

వదిన పారేసిన మొక్కని నేనే తెచ్చి, సిమెంటు లేని మూల ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి పాతాను. నెలన్నరకి చిగురు పచ్చగా వచ్చింది. నిన్న వదిన గోడ మీంచి తొంగిచూసి "అది మాదే కదా?" అంది. వానలు పడ్డాక కొమ్మ కత్తిరించి అంటు ఇస్తాలే, ముందు ఆ కన్నంలో పెళ్లలు తీయించు అన్నాను.