గీత అవతల కనిపించేది

మన బరంపురం తెలుగువారిలో ఫొటోలు తీసే నలుగురు ఒకచోట చేరితే, చిన్న రేంజ్‌ఫైండర్ కెమెరాల (లెన్సులోంచి కాక వేరే కిటికీలోంచి చూస్తూ దూరం సరిచేసుకునేవి) ముచ్చట చివరికి లెన్సు దగ్గరే ఆగిపోతుంది. లెన్సు గొప్పదే, కాదనను. కానీ జనం మధ్య తిరిగేవారు ఆ కెమెరాను ఎంచుకోవడానికి అసలు కారణం దానిలోంచి చూసే తీరేనని నా అభిప్రాయం. నా దగ్గరున్నది 1972లో వచ్చిన కెనానెట్ క్యూఎల్17 జీ-3. దాని 40 మిల్లీమీటర్ల లెన్సు ఊడదీసి మార్చేది కాదు కనుక, లెన్సుల మోజుతో కొన్నానని నన్నెవరూ అనలేరు.

లోపల అద్దం ఉండే ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సులోంచే చూస్తాం. షట్టర్ తెరుచుకునే ముందు అద్దం పైకి లేస్తుంది కాబట్టి, ఫిల్ము మీద బొమ్మ పడే ఆ లిప్తపాటు మన కంటికి మిగిలేది చీకటే. రేంజ్‌ఫైండర్‌లో చూసే కిటికీ వేరుగా ఉంటుంది. బొమ్మ హద్దులు అందులో వెలుగు గీతలుగా కనిపిస్తాయి, గీతల అవతల ఉన్నదీ కనిపిస్తుంది. 1954 నాటి లైకా ఎం3 అనే రేంజ్‌ఫైండర్‌లో దృశ్యం 0.91 రెట్లు, అంటే దాదాపు అసలు పరిమాణంలోనే కనిపిస్తుంది కాబట్టి రెండో కన్ను కూడా తెరిచే ఉంచవచ్చు.

గోపాల్‌పూర్ ఒడ్డున పొద్దున్నే వల లాగే మన జాలర్లను తీసేటప్పుడు ఈ గీతల విలువ నాకు తెలిసివచ్చింది. తాడు పట్టుకొని వెనక్కి నడిచే వరుసలో ఎవరి కాలు ఎప్పుడు చట్రంలో పడబోతుందో ముందే కనిపిస్తుంది. లెన్సు రంధ్రం కొలతను ఎఫ్8లో పెట్టి, దూరాన్ని మూడు మీటర్ల దగ్గర ఉంచితే, సుమారు రెండు నుంచి ఐదు మీటర్ల మధ్య ఉన్నదంతా సరిపడా స్పష్టంగా వస్తుంది. షట్టర్ చప్పుడు అలల హోరులో కలిసిపోతుంది. కిటికీ కెమెరాకు ఎడమ చివర ఉంటుంది కనుక, కుడి కన్ను ఆనించినా నా ముఖం సగం వాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. ఎదుటివారి ముఖం తీస్తూ మన ముఖం పూర్తిగా దాచుకోవడం నాకు మర్యాదగా తోచదు.

లోపాలు లేకపోలేదు. 0.8 మీటర్ల కంటే దగ్గరకు వెళ్లలేం కాబట్టి బరంపురం పట్టు అంచులోని నేతపని తీయాలంటే ఇది పనికిరాదు. వెలుతురు కొలిచే మీటరుకు వేసే పాత మెర్క్యురీ సెల్లు దొరకదు కనుక వెలుతురు అంచనా కట్టి అన్నీ చేత్తోనే పెట్టుకోవాలి. అన్నిటికన్నా నవ్వులపాలు చేసేది మూత: లెన్సు మూసి ఉన్నా కిటికీలో లోకమంతా మామూలుగానే కనిపిస్తుంది. ఒక ఉదయం నేను అలాగే డజను బొమ్మలు నొక్కేశాక, పక్కన చేపలు ఏరుతున్న పెద్దావిడ తలెత్తి చూసి అడిగింది:

"దానికి మూత తియ్యవేటి బాబూ?"