ముందు కత్తెర, తర్వాత కొలత

స్త్రీ శరీరంలో సరిదిద్దడానికి ఇంకేమీ మిగల్లేదేమోనని ప్లాస్టిక్ సర్జన్లు దిగులుపడే కాలం ఎప్పుడో పోయింది. ముక్కు, గడ్డం, రొమ్ము, పొట్ట అన్నీ అయ్యాక, యోని లోపలి పెదవుల దగ్గర పెద్ద సమస్యే ఉందని కనిపెట్టారు. అవి బయటికి కనిపిస్తున్నాయట. బట్టల మాటున, కాళ్ల మధ్యన, సొంతదారు కూడా అద్దం పెట్టుకుంటే తప్ప చూడలేని చోట, బయటికి కనిపిస్తున్నాయట! ఇంతటి ఉపద్రవానికి విరుగుడే లేబియాప్లాస్టీ, అంటే ఆ పెదవులను కోసి చిన్నవి చేసే ఆపరేషన్.

శాస్త్రం ఇక్కడా పద్ధతిగానే నడిచింది, కాకపోతే కాస్త వెనక నుంచి ముందుకు. అందం కోసం వీటిని ఎలా తగ్గించాలో చెబుతూ అమెరికాలోని ఒక ప్లాస్టిక్ సర్జరీ పత్రికలో 1984లోనే వ్యాసం వచ్చింది. అసలు ఆడవాళ్లలో ఇవి ఎంతెంత ఉంటాయో చూద్దామని లండన్ వైద్యులు 50 మందిని కొలిచి ఫలితాలు అచ్చు వేసింది 2005లో. మధ్యలో 21 ఏళ్లు. మా వీధి చివరి టైలరు జాకెట్టు గుడ్డ ఇస్తే టేపు తీయకుండా కత్తెర ముట్టుకోడు. పాపం, పెద్ద చదువులు చదవలేదు.

ఆ కొలతలు వ్యాపారానికి ఏమాత్రం అచ్చిరాలేదు. పొడవు 20 మిల్లీమీటర్ల నుంచి 100 దాకా, వెడల్పు 7 నుంచి 50 దాకా ఉన్నాయి. అంటే ఒకామెకూ మరొకామెకూ వెడల్పులో ఏడింతల తేడా, ఇద్దరూ మామూలు మనుషులే. స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ వైద్యులు 657 మందిని కొలిచి, ఇదీ మామూలు అని గీత గీయడం కుదరదని 2018లో తేల్చేశారు. మామూలంటూ లేనప్పుడు ఎక్కువ అనేది ఎక్కడి నుంచి వస్తుంది? పోర్న్ వీడియోలూ, ఫొటోషాపూ ఆ చిక్కు తీర్చాయి. మిగిలింది ఒక బొమ్మ పూర్తి చేసింది. లోపలి పెదవులను దాదాపు మొత్తంగా తీసేసే ఆపరేషన్‌కు అమెరికాలో పెట్టిన ముద్దుపేరు 'బార్బీ'. 1959లో మార్కెట్లోకి వచ్చిన ఆ ఆడబొమ్మకు అక్కడ ఏమీ ఉండదు. మూత్రానికి వెళ్లాల్సిన అవసరమూ లేదు. ఆదర్శమంటే అలా ఉండాలి.

ఇక పద్ధతులు. మొదటిది అంచు కత్తిరింపు. మార్కర్‌తో ముందే గీత గీసుకుంటారు, ఎందుకంటే మత్తు ఇంజెక్షన్ పడగానే చోటంతా ఉబ్బి లెక్క తప్పుతుంది. గీత వెంట కోసి, కరిగిపోయే సన్న దారంతో కుట్టేస్తారు. అన్నిటికంటే సులువు. పుట్టుకతో వచ్చిన ముడతల అంచు, దాని ముదురు రంగు చెత్తబుట్టలోకి పోతాయి, దాని బదులు కుట్టు గీత మిగులుతుంది. కనీసం ఒక సెంటీమీటరైనా ఉంచమని పెద్దలు చెబుతారు. అలా చెప్పాల్సి వచ్చిందంటే ఉంచనివాళ్లు ఉన్నారనే కదా.

ఆ అంచు పోకుండా ఉండేందుకు బెవర్లీ హిల్స్ సర్జన్ గ్యారీ ఆల్టర్ 1998లో మరో పద్ధతి ప్రచురించాడు. మధ్యలోంచి V ఆకారంలో ముక్క తీసి, పై భాగాన్నీ కింది భాగాన్నీ కలిపి కుట్టడం. అంచు దక్కుతుంది గానీ, కుట్టు మీద లాగుడు ఎక్కువై విడిపోయే ప్రమాదం ఉంది. పై రంగూ కింది రంగూ మధ్యలో అతకకపోవచ్చు కూడా. మూడోది ఇంకా సున్నితం: రక్తనాళాలూ నరాలూ ఉన్న మధ్య పొరను వదిలేసి, రెండు వైపులా పైచర్మం మాత్రమే గీకి కుట్టడం. నరాలు అక్కడ దండిగా ఉన్నాయనీ, అవి అలంకారం కోసం లేవనీ మొత్తానికి ఒకరికి గుర్తొచ్చినందుకు సంతోషం. తర్వాత ఐసు ముక్కలు, వదులు బట్టలు, వారాల తరబడి సైకిలుకూ సంసారానికీ సెలవు.

నిజంగా రాపిడితో, నొప్పితో బాధపడి చేయించుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల జోలికి ఈ వ్యాసం వెళ్లదు. వాళ్లకు డాక్టరే చాలు, బొమ్మ అక్కర్లేదు.

చట్టం సంగతి మరీ ముచ్చటైనది. బ్రిటన్‌లో 2003 నాటి చట్టం ప్రకారం ఆచారం పేరుతోనైనా సరే స్త్రీ జననాంగాన్ని కోస్తే 14 ఏళ్ల దాకా జైలు. ఆ చట్టం పేరుపెట్టి చెప్పిన భాగాల్లో లోపలి పెదవులూ ఉన్నాయి. శారీరక, మానసిక ఆరోగ్యానికి అవసరమై డాక్టరు చేస్తే మాత్రం మినహాయింపు. ఆ అవసరాన్ని తేల్చేటప్పుడు ఆచారం అనే మాటను లెక్కలోకి తీసుకోకూడదనీ రాశారు. కాబట్టి మా కులపెద్దలు ఒప్పుకోరండీ అని ఏడిస్తే అది ఆచారం, నేరం. బికినీలో బాగోదండీ అని ఏడిస్తే అది మానసిక ఆరోగ్యం, అపాయింట్‌మెంట్. మొదటిది పసిపిల్లల మీద బలవంతంగా చేసే దారుణం, రెండోది పెద్దవాళ్లు సంతకం పెట్టి చేయించుకునేది, ఒప్పుకుంటాను. సంతకం పెట్టేదాకా ఆమెను భయపెట్టినవాళ్లకు మాత్రం ఏ సెక్షనూ లేదు.

కత్తి అంటే టెన్షన్ పడేవాళ్ల కోసం లేజర్లు దిగాయి. యోనికి మళ్లీ యవ్వనం తెస్తామన్న ప్రచారం శ్రుతి మించడంతో 2018లో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ కల్పించుకుని, ఈ యంత్రాలకు అందుకు అనుమతే లేదనీ, కాలిన గాయాలూ మచ్చలూ అవుతాయనీ హెచ్చరించింది. 2020లో అక్కడి గైనకాలజిస్టుల సంఘం, అందం కోసం చేసే ఈ ఆపరేషన్లకు వైద్యపరమైన అవసరం లేదని కరాఖండీగా రాసింది. ఆడవాళ్ల సంతోషం చూడలేనివాళ్లు ఎక్కడైనా ఉంటారు.

అయినా ఈ రంగం చేతులు ముడుచుకు కూర్చోలేదు. అంచు కత్తిరింపులో మరీ ఎక్కువ కోయించుకున్నవాళ్ల కోసం, పక్కనున్న చర్మాన్ని కిందికి తిప్పి కొత్త పెదవులు కట్టే పద్ధతిని 2011లో ఆల్టరే ప్రచురించాడు. తీసినవాటిని తిరిగి పెట్టడం తీయడం కంటే కష్టమైన పని. ఫీజు మొదటిదానిలో కలిసి ఉండదు.