సవరణ: కాడ్మియం పరిమితి 3 కాదు, 0.3

మూలికల పొడుల్లో ఉండే కాడ్మియం, సీసం లాంటి విష లోహాల గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది పెద్దదే. కాడ్మియం 3 పీపీఎం వరకు ఉండొచ్చని రాశాను. ఆయుర్వేద మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం, ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం పరిమితి 0.3 పీపీఎం, అంటే కిలో పొడిలో 0.3 మిల్లీగ్రాములు. 3 అనేది ఆర్సెనిక్‌ది. సీసానికి 10, పాదరసానికి 1 అన్నవి సరిగ్గానే రాశాను. నా అంకె చూసి ఎవరైనా ల్యాబ్ రిపోర్టు సరిపోల్చుకుని ఉంటే, దయచేసి ఇంకోసారి చూడండి. పదింతల తేడా ఇది.

రెండోది, ఆకును బాగా కడిగితే లోహాలు పోతాయని రాయడం. రోడ్డు పక్కన కోసిన నేలవేము ఆకు మీది దుమ్ములో ఉండే సీసం కొంత పోతుంది, నిజమే. వేళ్ల ద్వారా ఆకులోకి ఎక్కింది మాత్రం ఎంత కడిగినా పోదు. సీసం చాలావరకు వేళ్లలోనే ఆగిపోతుంది, కాడ్మియం అలా కాదు, సులువుగా ఆకు దాకా వస్తుంది. ఫాస్ఫేట్ ఎరువులతో కూడా అది పొలంలో చేరుతుంది. అందుకే మొక్క ఏ నేలలో పెరిగిందో ముందు అడగాలి.

ఇంకో మాట. పచ్చి ఆకు ఎండితే నీరు పోయి బరువు తగ్గుతుంది, లోహం అలాగే ఉంటుంది, అంటే కిలోకు లెక్కేస్తే అంకె పెరుగుతుంది. కాబట్టి పచ్చి ఆకు అంకెను ఎండుపొడి అంకెతో పోల్చకండి. పాత పోస్టులోనూ అంకె దిద్దాను.