మంటలు ఆరకముందే పైలట్‌ది తప్పా?

యుద్ధ విమానమో, సైనిక హెలికాప్టరో కూలిందన్న వార్త వస్తే చాలు, పది సెకన్ల క్లిప్ ఒకటి ఫోన్‌లో చేరిపోతుంది. దాని మీద ఎర్ర సున్నా, కింద "పైలట్ తప్పిదం". అప్పటికి మంటలు కూడా ఆరవు. ఇంట్లోవాళ్లకు కబురు అందిందో లేదో తెలియదు.

మాట్లాడొద్దని నేను అనడం లేదు. జనం డబ్బుతో కొన్న విమానం అది. ఎన్నేళ్లది, ఇంతకుముందు ఈ రకం కూలిందా, మిగతావాటిని ఎగరనిస్తున్నారా, ఆపేశారా అని మొదటి రోజే అడగాలి. కారణం మాత్రం మనం తేల్చేయకూడదు.

వీడియోలో కనిపిస్తోంది కదా అంటారు. ఎగురుతున్న హెలికాప్టర్‌ని ఫోన్‌లో తీస్తే, కెమెరా వేగానికీ రెక్కల వేగానికీ లెక్క కుదిరినప్పుడు రెక్కలు ఆగిపోయినట్టే కనిపిస్తాయి. నిజానికి అవి గిర్రున తిరుగుతూనే ఉంటాయి. కూలడానికి ముందు తీసిన క్లిప్‌లో అలా పడితే ఇంజన్ ఆగిపోయిందని ఎంతమంది ఒట్టేసి చెబుతారో!

2025 జనవరి 29న వాషింగ్టన్‌లో సైనిక హెలికాప్టర్ బ్లాక్ హాక్, ప్రయాణికుల విమానం ఢీకొని 67 మంది చనిపోయారు. హెలికాప్టర్ నడిపింది ఫలానా వ్యక్తి అంటూ ఒక పైలట్ పేరును సోషల్ మీడియాలో తిప్పారు. ఆ పైలట్ అసలు అందులో లేరు. బతికే ఉన్నానని వీడియో పెట్టి చెప్పుకోవాల్సి వచ్చింది. బతికున్నారు కాబట్టి చెప్పుకున్నారు. పోయినవాళ్ల తరఫున ఎవరు చెప్పాలి?

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది చినూక్ కేసు. 1994 జూన్ 2న బ్రిటన్ వాయుసేన చినూక్ హెలికాప్టర్ స్కాట్లండ్‌లోని మల్ ఆఫ్ కింటైర్ దగ్గర కొండను ఢీకొంది. అందులో ఉన్న 29 మందీ పోయారు. దాన్లో బ్లాక్ బాక్సే లేదు. విచారణ బోర్డు పైలట్లది నిర్లక్ష్యమని అనలేదు. దాన్ని సమీక్షించిన ఇద్దరు ఎయిర్ మార్షళ్లు మాత్రం ఘోర నిర్లక్ష్యమని రాసేశారు. చనిపోయిన సిబ్బందిని తప్పుపట్టాలంటే ఏ కోశానా సందేహం ఉండకూడదన్నది అప్పటి వాళ్ల నిబంధనే! ఆ మచ్చ 2011లో గానీ తొలగలేదు. అన్నేళ్లూ ఆ ఇద్దరు పైలట్ల కుటుంబాలు పోరాడుతూనే ఉన్నాయి. చేతిలో ఫైళ్లు, నిపుణులు ఉన్నవాళ్లే అంత పొరబడితే, క్లిప్ చూసి తేల్చేసే మనమెంత?

అలాగని "విచారణ జరుగుతోంది" అంటూ అధికారులు తలుపులేసుకుంటే ఒప్పుకోను. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బుడ్గాంలో మన వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ కూలినప్పుడు మొదట వినిపించింది సాంకేతిక లోపమనే. దాన్ని కూల్చింది మన క్షిపణేనని, అది పెద్ద తప్పని వాయుసేన అధిపతి ఒప్పుకునేసరికి అక్టోబర్ వచ్చింది. ఆలోగా అడిగినవాళ్లు తప్పు చేయలేదు. జవాబు తమకే తెలుసన్నట్టు చెప్పినవాళ్లే తప్పు చేశారు.

అమెరికా వాయుసేనలో పెద్ద ప్రమాదాలకు రెండు విచారణలు జరుగుతాయి. ఒకటి లోపలిది. సిబ్బంది భయపడకుండా ఉన్నదున్నట్టు చెప్పాలని అందులో ఇచ్చిన వాంగ్మూలాలు బయటికి రానివ్వరు. రెండోది జనం చదవడానికి. మనకూ ఆ రెండోది కావాలి, ప్రతి ప్రమాదానికీ, గడువు పెట్టి. మొదటి రోజు ఎర్ర సున్నాలు చుట్టినవాళ్లు ఆ రిపోర్టు కోసం అడగండి, నేనూ మీతో కలిసి అడుగుతాను.