సవరణ: లో వోల్టేజీలో గీజరు తీసుకునే కరెంటు

వోల్టేజీ పడిపోతే గీజరు ఎక్కువ కరెంటు లాగుతుందని గత టపాలో ఉన్న వాక్యాన్ని, కరెంటు తగ్గుతుందని సవరించి చదవవలసిందిగా పాఠకులకు మనవి. 230 వోల్టుల వద్ద 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే కాయిల్ నిరోధం దాదాపు 26.5 ఓములని తేలుతుంది. ఆ నిరోధం పెద్దగా మారదు కనుక, సరఫరా 180 వోల్టులకు దిగినప్పుడు కరెంటు 6.8 ఆంపియర్లకు తగ్గి, ఆ రెండింటినీ గుణిస్తే వచ్చే పవర్ 1225 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. నీళ్లు ఆలస్యంగా కాగేది అందుకే. లో వోల్టేజీలో కరెంటు పెరగడమనేది లోడు మీద నడిచే ఇండక్షన్ మోటార్ల లక్షణం, పొలాల్లో పంపుసెట్లు కాలిపోవడానికి ముఖ్య కారణాల్లో అదొకటి. ఫిలమెంటు బల్బుకు మాత్రం స్థిర నిరోధపు లెక్క పనికిరాదు: 100 వాట్ల బల్బుకు వెలిగేటప్పుడు ఉండే 529 ఓముల నిరోధం, చల్లారాక మల్టీమీటరుతో కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు.