డల్లాస్ పదహారు గంటల దూరంలో లేదు

హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే దాదాపు 14,400 కిలోమీటర్లు, పదహారు గంటలు అని వస్తుంది. అది చూసి "ఒక్క రాత్రి కళ్లు మూసుకుంటే వచ్చేస్తారమ్మా" అని పెద్దవాళ్లకు చెప్పే పిల్లల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ఆ 14,400 భూగోళం మీద దారం పరిచి కొలిచినట్టు కొలిచిన దూరం. రెండు ఊళ్లూ భూమికి దాదాపు చెరోవైపు ఉన్నాయి కాబట్టి ఆ గీత ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. దాన్ని విమానం వేగంతో భాగిస్తే పదహారు గంటలు. కానీ ఆ గీత పట్టుకుని మనవాళ్లను తీసుకెళ్లే విమానమే లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా సర్వీసు మొదలుపెట్టింది కానీ ఎక్కువ కాలం నడపలేదు. ఇన్ని తెలుగు కుటుంబాలు తిరిగే దారిలో అది నిలవకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

దుబాయ్ మీదుగా వెళ్తే పెరిగే దూరం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే. సమయం మాత్రం అలా కాదు. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డల్లాస్‌కి మళ్లీ పదహారు, మధ్యలో హాల్ట్. గుంటూరు నుంచి బయల్దేరేవాళ్లకైతే శంషాబాద్ చేరడానికే ఐదారు గంటలు, అక్కడ మూడు నాలుగు గంటల ముందు ఉండాలి. అవతల ఇమ్మిగ్రేషన్ లైను. ఇంటి గడప నుంచి లెక్కేస్తే ముప్పై ఐదు గంటలు ఎక్కడికీ పోవు.

టికెట్ మీద ఇదేమీ కనపడదు. తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కి, అదే రోజు సాయంత్రం నాలుగింటికి దిగుతారని ఉంటుంది. పన్నెండు గంటలే అనుకుంటారు పాపం. వేసవిలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అంటే అది ఇరవై రెండున్నర గంటల ప్రయాణం.

ఇక పదిహేను వేలు కలిసొస్తాయని తొమ్మిది గంటల హాల్ట్ ఉన్న టికెట్ కొనడం ఉంది చూశారూ, అది నేను ఒప్పుకోలేను. డెబ్బై ఏళ్ల మనిషి, షుగరు, మోకాళ్ల నొప్పులు, చుట్టూ తెలిసిన భాష లేదు. మందు ఏ టైముకి వేసుకోవాలో కూడా అర్థంకాదు. ఆ తొమ్మిది గంటలు ఇనుప కుర్చీలో ఎలా గడుస్తాయో టికెట్ కొన్నవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

అమెరికాలో దిగాక ఇంకో విమానం మారే టికెట్ అయితే మరీ కష్టం. మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ ముగించుకుని, సూట్‌కేసులు బెల్టు మీంచి దించుకుని, మళ్లీ అప్పగించాలి. దానికి గంటన్నర ఇచ్చి టికెట్లు అమ్ముతున్నారు. మీరు కొనకండి. మూడు గంటలైనా ఉండేలా చూడండి, వీల్‌చైర్ టికెట్‌తోపాటే అడగండి. అమెరికాలో మీరుండే ఊరికి అబుదాబి నుంచి నేరుగా విమానం ఉంటే అది చూడండి, అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే, విమానం ఎక్కకముందే అయిపోతుంది. దిగాక సామాను తీసుకుని బయటికి రావడమే.